ఒక వీధికి ఒకే తీగ అయితే...

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయీల గురించి, ఆరోగ్య కార్డుల గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడినారు. కార్యదర్శిగారు నాతో, "నువ్వు ఏదైనా కొత్త విషయం చెప్పు, కానీ పనికొచ్చేది చెప్పు" అన్నారు. అందుకని కేబుల్ టి.వి. కంపెనీలు, ఇంటర్నెట్ కంపెనీలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం గురించి, ఆ కలయికను ప్రభుత్వ సంస్థలు ఎలా విచారిస్తాయనే దాని గురించి నాలుగు మాటలు మనవి చేసుకుంటాను. "ఇది మనకెందుకయ్యా, షేర్లు కొనేవాళ్ళ గొడవ గదా" అని మీలో కొందరు అనుకోవచ్చు. నేనూ మొదట అట్లాగే అనుకున్నాను. నా అభిప్రాయాన్ని మార్చింది మా అక్క.

మా అక్క ఆళ్ళగడ్డలో మా పాత ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. ఎనభై దాటినాయి. కొడుకు బెంగుళూరులో ఉద్యోగం. ఆమెకు పొద్దుపోయేది టి.వి.తో. రాత్రి ఎనిమిది గంటలకు మనవరాలు ఫోనులో ముఖం చూపిస్తే ఆ రోజుకు అన్నం సహించినట్టు. ఆ వీధిలో ఒకప్పుడు ఇద్దరు కేబులువాళ్ళు ఉండేవారు. ఒకరు చందా పెంచితే జనం రెండో అతని దగ్గరకు పోయేవారు. కొన్నేళ్ళ కిందట ఒకతను తన లైన్లన్నీ రెండో అతనికి అమ్ముకొని వెళ్ళిపోయినాడు. ఆ తరువాత చందా పెరిగింది. ఒకసారి వరుసగా నాలుగు రోజులు టి.వి. లేదు, ఇంటర్నెట్టూ లేదు. అక్క ఫోను చేసి అడిగితే వచ్చిన జవాబు ఇది: "ఇష్టం ల్యాకుంటే పీకేచ్చాం పెద్దమ్మా, ఇంగెవురితో పెట్టిచ్చుకుంటావో పెట్టిచ్చుకో."

ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. అతను ఉన్న సంగతే చెప్పినాడు. పెట్టించుకోవడానికి ఇంకొకరు లేరు. నేను నంద్యాలలో ఉంటాను. మా ఇంటికి ఒకరు కాకపోతే ఇంకొకరు కనెక్షన్ ఇస్తారు. ఒకరోజు ఆలస్యమైతే, "తీసేయమంటావా?" అంటాను, సాయంత్రానికి మనిషి వస్తాడు. నంద్యాలకూ ఆళ్ళగడ్డకూ మధ్య సుమారు 40 కిలోమీటర్ల దూరం. ఒకే జిల్లా, ఒకే చట్టం. అయినా నాకున్న బలం మా అక్కకు లేదు. ఆ బలం పేరే పోటీ. రెండో తీగ ఉన్నంతకాలం మొదటి తీగవాడు మర్యాదగా మాట్లాడతాడు.

ఇక విచారణ సంగతికి వస్తాను. నేను 1973లో ఆళ్ళగడ్డ తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరినాను. నా మొదటి పనుల్లో ఒకటి నోటీసులు రాయడం. ఏదైనా భూమి విషయంలో ఉత్తర్వు ఇచ్చే ముందు, "దీనిపై ఎవరికైనా అభ్యంతరములున్న యెడల ఫలానా తేదీలోగా తెలియజేయవలెను" అని రాసి, నోటీసు బోర్డుకు అంటించి, గ్రామంలో దండోరా వేయించేవాళ్ళం. గడువులోపల ఒక ముసలాయన వేలిముద్ర వేసిన కాగితం ఇచ్చినా దాన్ని ఫైలులో కలిపి, నోటులో దాని గురించి ఒక పేరా రాసి తీరాల్సిందే. గడువు దాటిన తరువాత అదే ముసలాయన వచ్చి ఏడ్చినా, "అప్పీలు చేసుకో తాతా" అనడం తప్ప మా చేతిలో ఏమీ ఉండేది కాదు. ముందు చెప్పిన మాటకూ తరువాత చెప్పిన మాటకూ ఎంత తేడానో గుమాస్తాగా పనిచేసిన ప్రతివారికీ తెలుసు.

పెద్ద కంపెనీల కలయికకు ఢిల్లీలో ఇటువంటి పద్ధతే ఉంది. 2002 నాటి పోటీ చట్టం కింద ఏర్పడిన కాంపిటీషన్ కమిషన్ దాన్ని నడుపుతుంది. కలయికలను ముందుగా పరిశీలించే అధికారం 2011 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఒక పరిమితికి మించిన కంపెనీలు కలిసేటప్పుడు ముందుగా కమిషనుకు తెలియజేయాలి, అనుమతి వచ్చేదాకా కలవకూడదు. కలిస్తే జరిమానా. 2023లో చట్టాన్ని సవరించి, విచారణ మొత్తానికి ఉన్న 210 రోజుల గడువును 150 రోజులకు తగ్గించినారు. 2,000 కోట్ల రూపాయలు దాటిన లావాదేవీలను, ఆ కంపెనీకి మన దేశంలో గణనీయమైన వ్యాపారం ఉన్నట్లయితే, విచారణ పరిధిలోకి తెచ్చినారు. ఈ మార్పులు 2024 సెప్టెంబరు 10 నుంచి అమలవుతున్నాయి.

కమిషన్ ముందు పైపైన చూస్తుంది. పోటీకి హాని లేదనిపిస్తే అక్కడే అనుమతి ఇస్తుంది. ఎక్కువ ఫైళ్ళు ఆ మెట్టుమీదే ముగుస్తాయి. హాని ఉంటుందని తోస్తే రెండో మెట్టుకు పోతుంది. అప్పుడు ఆ కలయిక వివరాలు ప్రచురించి, దానివల్ల ప్రభావితమయ్యే ఏ పౌరుడైనా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకోవచ్చునని పిలుస్తుంది. అచ్చంగా మన తాలూకా ఆఫీసు నోటీసే. ఇలా ప్రజల్ని మొదటిసారి పిలిచింది 2014లో, సన్ ఫార్మా కంపెనీ రాన్‌బాక్సీని తీసుకున్నప్పుడు. అవి మనం వేసుకునే మందుల కంపెనీలు. చివరకు కొన్ని మందుల వ్యాపారాలను వేరేవారికి అమ్మివేయాలనే షరతుతో ఆ డిసెంబరులో అనుమతి ఇచ్చినారు.

మన ఇంటి టి.వి. సంగతి చూద్దాం. మా టి.వి. మీకందరికీ తెలుసు. 2002లో మన తెలుగువాళ్ళు మొదలుపెట్టిన ఛానెల్. 2015లో అది స్టార్ సంస్థ చేతికి పోయి స్టార్ మా అయింది. 2019లో ఆ స్టార్ సంస్థే అమెరికాలోని డిస్నీ కంపెనీ చేతికి పోయింది. 2024లో డిస్నీవారి ఇక్కడి వ్యాపారమూ రిలయన్స్ వారి టి.వి. వ్యాపారమూ కలిసి జియోస్టార్ అయినాయి. రిమోటులో మనం నొక్కే మీట మారలేదు, సీరియల్ ఆగలేదు, కానీ యజమాని మూడుసార్లు మారినాడు.

ఈ చివరి కలయిక విలువను 70,352 కోట్ల రూపాయలుగా లెక్కగట్టినారు. 2024 ఆగస్టు 28న కాంపిటీషన్ కమిషన్ అనుమతి ఇచ్చింది, నవంబరు 14న కలయిక పూర్తయింది. అయితే ఊరికే ఇవ్వలేదు. ఏడు టి.వి. ఛానెళ్ళను అమ్మివేస్తామనీ, క్రికెట్ ప్రసారాల్లో టి.వి. ప్రకటనలనూ ఇంటర్నెట్ ప్రకటనలనూ ముడిపెట్టి అమ్మబోమనీ కంపెనీలు మాట ఇచ్చిన మీదట ఇచ్చింది. అంతకుముందు 2022 అక్టోబరులో జీ, సోనీ కంపెనీల కలయికకు కూడా మూడు హిందీ ఛానెళ్ళను అమ్మాలనే షరతు మీదే అనుమతి వచ్చింది. ఆ కలయిక వేరే కారణాలతో 2024 జనవరిలో రద్దయింది.

ఛానెల్ సంగతి అట్లుంచితే, ఆ ఛానెల్‌ను ఇంటికి మోసుకొచ్చే తీగ ఒకటి ఉంది గదా. 2018 అక్టోబరు 17న రిలయన్స్ సంస్థ డెన్ కేబుల్ కంపెనీలో 66 శాతం వాటాను 2,290 కోట్లకు, హాథ్‌వే కేబుల్ కంపెనీలో 51.3 శాతం వాటాను 2,940 కోట్లకు తీసుకుంటున్నట్టు ప్రకటించింది. 2019 జనవరిలో వాటికి అనుమతి వచ్చింది. అంటే ఈ రోజు సెల్‌ఫోన్ సర్వీసు, ఇంటర్నెట్, రెండు పెద్ద కేబుల్ కంపెనీలు, పెద్ద ఛానెళ్ళ గుంపు ఒకే వ్యాపార కుటుంబంలో ఉన్నాయి. అది నేరమని నేను అనడం లేదు. పెద్ద కంపెనీకి పెట్టుబడి ఉంటుంది, ఊరూరా ఫైబర్ వేయగలదు. ఒకప్పుడు టెలిఫోన్ మొత్తం ప్రభుత్వం చేతిలోనే ఉన్న రోజుల్లో కనెక్షన్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన సంగతి మనం మరచిపోలేదు. గుత్తాధిపత్యం ప్రభుత్వానిదైనా, ప్రైవేటుదైనా వినియోగదారుడికి మిగిలేది ఎదురుచూపే.

సెల్‌ఫోన్ల విషయం మన జేబుకు తెలుసు. పదేళ్ళ కిందట ఎన్ని కంపెనీలుండేవో లెక్కపెట్టండి. ఎయిర్‌సెల్ 2018లో దివాలా తీసింది. టెలినార్ అదే ఏడాది ఎయిర్‌టెల్‌లో కలిసింది. 2018 ఆగస్టు 31న వొడాఫోన్, ఐడియా ఒకటైనాయి. 2019లో టాటా డొకొమో కూడా ఎయిర్‌టెల్‌లో కలిసింది. చివరకు మూడు ప్రైవేటు కంపెనీలు, ఒక బి.ఎస్.ఎన్.ఎల్. మిగిలినాయి. 2024 జూలై మొదటి వారంలో మూడు ప్రైవేటు కంపెనీలూ ఒకటి రెండు రోజుల తేడాతో రీచార్జి ధరలు పెంచినాయి. వాళ్ళు కూడబలుక్కున్నారని నేను చెప్పలేను, చెప్పకూడదు. కానీ ఎనిమిది మంది ఉన్నచోట ఒకరైనా పెంచకుండా ఆగే అవకాశం ఉంటుంది. ముగ్గురే ఉన్నచోట అది తక్కువ.

విచారణలో కమిషన్ చూసే అంశాల్లో మనం గుర్తుపెట్టుకోవలసినవి మూడు. మొదటిది, మార్కెట్టు ఏది? రెండోది, కలిసిన తరువాత ఎంతమంది మిగులుతారు, కొత్తవాడు రావడానికి దారి ఉందా? మూడోది, హాని ఉంటే ఏ షరతుతో తగ్గించవచ్చు? వీటిలో మొదటి ప్రశ్న చాలా కీలకం. ఆళ్ళగడ్డ ఆడమనిషి కట్టెలపొయ్యి మీద పాలు పెట్టి, పంచదార అయిపోయిందని చూసుకుంటే, నంద్యాలలో పది అంగళ్ళు ఉన్నాయనడం ఆమెకు ఏం లాభం? ఆమె వీధిలో ఎన్ని ఉన్నాయన్నదే లెక్క. దేశం మొత్తాన్ని ఒకే మార్కెట్టుగా తీసుకుంటే కేబుల్ కంపెనీలు వందల్లో కనిపిస్తాయి. రాష్ట్రం లెక్కన చూస్తే తగ్గుతాయి. వీధి లెక్కన చూస్తే ఒకటి. 2013 నవంబరులో ట్రాయ్ సంస్థ ఈ సంగతి గమనించి, రాష్ట్రాన్ని ఒక మార్కెట్టుగా తీసుకొని కేబుల్ ఆధిపత్యానికి హద్దు పెట్టాలని ప్రభుత్వానికి సిఫారసు చేసింది.

హద్దు ముందే పెట్టకపోతే ఏమవుతుందో పంజాబులో చూసినాము. అక్కడ ఫాస్ట్‌వే అనే కేబుల్ సంస్థ తమ ఛానెల్‌ను తీసివేసిందని ఒక వార్తా ఛానెల్ కాంపిటీషన్ కమిషనుకు ఫిర్యాదు చేసింది. 2012లో కమిషన్ జరిమానా వేసింది. 2014లో అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని కొట్టివేసింది. 2018 జనవరిలో సుప్రీంకోర్టు, ఆధిపత్యం దుర్వినియోగమైన మాట నిజమేనంటూనే, జరిమానా మాత్రం వద్దన్నది. అన్నేళ్ళు ఏ చిన్న ఛానెల్ తట్టుకుంటుంది? అందుకే అంటున్నాను, కలవకముందు చెప్పే ఒక్క కాగితం కలిసిన తరువాత వేసే పది కేసులకంటే బలమైనది.

మన పిల్లలు చాలామంది ఉంటున్న అమెరికాలో ఈ సంగతి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 2014 ఫిబ్రవరిలో కామ్‌కాస్ట్ అనే అతిపెద్ద కేబుల్ కంపెనీ టైమ్ వార్నర్ కేబుల్‌ను సుమారు 45 బిలియన్ డాలర్లకు తీసుకుంటామని ప్రకటించింది. అక్కడి న్యాయశాఖ, కమ్యూనికేషన్స్ కమిషన్ రెండూ పరిశీలించినాయి. మామూలు జనం కూడా పెద్ద సంఖ్యలో అభిప్రాయాలు రాసి పంపినారు. అధికారులు సుముఖంగా లేరని తేలినాక 2015 ఏప్రిల్‌లో కంపెనీ తానే విరమించుకుంది. తరువాత అదే టైమ్ వార్నర్ కేబుల్‌ను చార్టర్ అనే కంపెనీ తీసుకోవడానికి 2016లో అనుమతి ఇచ్చినారు. కానీ ఏడేళ్ళ పాటు ఇంటర్నెట్ వాడకానికి నెలవారీ పరిమితి పెట్టి అదనపు డబ్బు గుంజకూడదని షరతు విధించినారు. అదే కంపెనీ, రెండు దరఖాస్తులు, రెండు ఫలితాలు. విచారణ అనేది రబ్బరు ముద్ర కాదని దీనితో తెలుస్తుంది.

ఇప్పుడు మీరు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: మా అక్క వీధిలో జరిగిన కలయికను ఎవరు విచారించినారు? ఎవరూ విచారించలేదు. కొనబడే కంపెనీకి మన దేశంలో 450 కోట్ల లోపు ఆస్తులు గానీ, 1,250 కోట్ల లోపు వార్షిక వ్యాపారం గానీ ఉంటే, మామూలుగా కమిషనుకు చెప్పనక్కరలేదని 2024 మార్చిలో పరిమితులు పెంచినారు. 2,000 కోట్లు దాటిన లావాదేవీలకే ఆ మినహాయింపు వర్తించదు. మన వీధి కేబులతని ఆస్తి నాలుగు స్తంభాలు, రెండు నిచ్చెనలు. 1995 కేబుల్ చట్టం ప్రకారం అతను హెడ్ పోస్టాఫీసులో రిజిస్ట్రేషన్ చేయించుకుంటే సరిపోయేది. 2025 జనవరి నుంచి ఆ పని ఆన్‌లైన్‌లో జరుగుతోంది. అతను ఇంకొకరికి అమ్ముకున్నా ఢిల్లీలో ఫైలు కదలదు. పెద్ద చేపకు వల ఉంది, చిన్న చేప దాని కన్నాల్లోంచి పోతుంది. ముసలివాళ్ళ ఇళ్ళలో వెలుగు ఆరేది మాత్రం ఈ చిన్న కలయికలతోనే.

చందాల విషయంలో ట్రాయ్ అనే సంస్థ మనకు కొంత అండగా ఉండేది. 2019లో ఛానెళ్ళు మనమే ఎంచుకునే పద్ధతి వచ్చినప్పుడు, నెలకు 130 రూపాయలకు మించి నెట్‌వర్క్ రుసుము తీసుకోరాదని గరిష్ఠ పరిమితి పెట్టింది. 2024 జూలైలో ఆ పరిమితిని ఎత్తివేసింది. మార్కెట్టులో పోటీ ఉంది కాబట్టి ధరను పోటీయే అదుపు చేస్తుందని దాని వెనుకనున్న ఆలోచన. నంద్యాలలో అది నిజం కావచ్చు. మా అక్క వీధిలో పోటీ ఏదీ? ధర మీద అదుపు తీసేసినప్పుడు, పోటీని కాపాడే విచారణ మరింత గట్టిగా ఉండాలి. ఈనాటి నా ప్రసంగంలో మీరు ఒక్క మాట గుర్తుంచుకోదలిస్తే ఈ మాట గుర్తుంచుకోండి.

మరి మనం చేయగలిగినదేమిటి? నాలుగు విన్నపాలు.

ఒకటి: కాంపిటీషన్ కమిషన్ ముందుకు వచ్చిన ప్రతి కలయిక సంక్షిప్త వివరం వారి వెబ్‌సైట్‌లో పెడతారు. మనలో కంప్యూటర్ తెలిసినవారు, లేకపోతే మన మనవలు, నెలకొకసారి చూసి, కేబుల్, ఇంటర్నెట్, ఫోన్ కంపెనీల విషయమైతే సంఘానికి చెప్పాలి. అభ్యంతరాలకు పిలిచినప్పుడు గడువు వారాల్లో కాదు, రోజుల్లో ఉంటుంది. ఆలస్యం చేస్తే తాతకు జరిగినట్టే జరుగుతుంది.

రెండు: ట్రాయ్ ఏ నిబంధన మార్చినా ముందుగా చర్చాపత్రం ప్రచురించి అందరి అభిప్రాయాలూ అడుగుతుంది. అక్కడ కంపెనీలు నూరు పేజీలు రాస్తాయి. మనం ఒక్క పేజీ రాద్దాం. "చిన్న ఊళ్ళలో రెండో తీగ లేదు, ఒంటరి వృద్ధులున్నారు" అన్న మాట ఏ కంపెనీ రాయదు. అది మనమే రాయాలి.

మూడు: ఒక్కొక్కరి ఫిర్యాదుకు ముందు కంపెనీ నోడల్ అధికారి, ఆ తరువాత 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నాయి. అక్కడ 5 లక్షల రూపాయల లోపు విలువగల ఫిర్యాదుకు ఫీజు లేదు. టెలికాం సేవల ఫిర్యాదులను వినియోగదారుల కమిషన్లు విచారించవచ్చునని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఒక వీధివాళ్ళమందరం కలిసి పోదలిస్తే ఢిల్లీలో టి.డి.శాట్ అనే ట్రిబ్యునల్ ఉంది. వినియోగదారుల సమూహానికీ కంపెనీకీ మధ్య వివాదాన్ని అది విచారిస్తుంది. గుంపుగా కదలడం మనకు కొత్త కాదు గదా.

నాలుగు: ప్రత్యామ్నాయాన్ని బ్రతికించుకుందాం. బి.ఎస్.ఎన్.ఎల్. ఉన్నచోట దాన్ని కూడా అడగండి. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ గారి చేతులమీదుగా మన రాష్ట్ర ఫైబర్‌నెట్ ప్రారంభమైనప్పుడు నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టి.వి. అని చెప్పినారు. ప్రభుత్వ తీగ లోపాలు లేనిదని నేననను. కానీ అది ఉన్నంతకాలం పక్కవాడు, "ఇంకెవరున్నారు?" అని అనలేడు.

మా అక్క సంగతి చెప్పి ముగిస్తాను. నేను ఆమె తరఫున రిజిస్టర్డ్ పోస్టులో ఒక ఫిర్యాదు రాసినాను. తేదీలు వేసి, రసీదులు జతచేసి, గుమాస్తా పద్ధతిలో. ఐదో రోజు మనిషి వచ్చి లైను బాగుచేసి పోయినాడు, ఆ నాలుగు రోజుల చందా తగ్గించినారు. చందా రేటు మాత్రం తగ్గలేదు, రెండో తీగా రాలేదు. అక్క అన్నది: "నీకు రాయను వచ్చు కాబట్టి నా టి.వి. పలికింది. రాయను రాని వాళ్ళ గతేమి రా?" ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు, మన సంఘం దగ్గర ఉండాలి.

ఈ రోజు మనం పండుగ చేసుకుంటున్నది ఎందుకు? 1982లో ఇదే డిసెంబరు 17న సుప్రీంకోర్టు డి.ఎస్. నకారా కేసులో, పింఛను దయాధర్మం కాదు, హక్కు అని తీర్పు ఇచ్చింది. ఆ కేసు వేసినవారు మనలాగే ఒక రిటైరైన ఉద్యోగి. ఆయన ఒక కాగితం మీద సంతకం పెట్టకపోయి ఉంటే మనకీ రోజు లేదు. మనకు ముప్ఫై ఏళ్ళకు పైగా కాగితాలు రాసిన అలవాటుంది. చేయి వణికినా అక్షరం తప్పదు. దాన్ని మన కోసమే కాక, రాయడం రాని పక్కింటివారి కోసం కూడా వాడుదాం.